గోల్కొండ రాజమాతపై ఒక అపవాదు: గండికోట మీర్ జుమ్లా చరిత్రలో సాక్ష్య విచారణ

రాజుల అంతఃపుర రహస్యాలు తెలుసుకోవాలన్న కుతూహలం పాఠకలోకానికి ఎప్పుడూ ఉన్నదే. దాన్ని తీర్చడానికి యాత్రికులూ, చరిత్ర రచయితలూ ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నారు. కాని అంతఃపురం గడపకు లోపల ఏం జరిగిందో కళ్లారా చూసినవారు బహు తక్కువ. చూడనివారు విన్నది రాశారు. వారు రాసింది చదివినవారు దాన్నే ప్రమాణంగా చూపారు. ఈ విధంగా ఒక బజారు మాట రెండు తరాలు గడిచేసరికి చరిత్ర అయి కూర్చుంటుంది.

అటువంటి మాట ఒకటి కడప జిల్లా గండికోటతో ముడిపడి ఉంది. ఆ కోటను జయించిన గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకూ, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బఖ్షీ బేగంకూ అక్రమ సంబంధం ఉండేదనీ, అది సుల్తానుకు తెలియడం వల్లనే మంత్రికీ ప్రభువుకూ చెడిందనీ ఒక ఫ్రెంచి యాత్రికుడు రాశాడు. ఆ చెడిన ఫలితంగానే 1656లో మొగలు సేనలు హైదరాబాదు మీద పడ్డాయి. అంటే ఒక రాజ్యం మీదికి వచ్చిన దండయాత్రకు ఒక స్త్రీ శీలాన్ని కారణంగా చూపడం జరిగింది. ఈ ఆరోపణకు ఆధారమేమిటి? దాన్ని అంగీకరిస్తే చరిత్రలో ఏది కనబడకుండా పోతుంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం అవసరం.

గండికోట దుర్గాధిపతి

జమ్మలమడుగుకు పడమర సుమారు పదిహేను కిలోమీటర్ల దూరాన, ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నానది పారే లోతైన లోయ ఒడ్డున గండికోట ఉంది. ఒక వైపు నది కోసిన నిలువు గోడ, మిగిలిన వైపుల మనిషి కట్టిన గోడ. నది ఆ గండి దాటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మైదానాలలోకి దిగుతుంది. దక్షిణాన పులివెందుల సీమ. ఈ కోట ఎవరి చేతిలో ఉంటే పెన్నా లోయలోని పన్ను వారి చేతిలో ఉన్నట్లే. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. పదహారవ శతాబ్ది చివర, విజయనగర ప్రభువు రెండవ వేంకటపతి రాయల కాలంలో, మహమ్మద్ కులీ కుతుబ్ షా సేనలు కోటను పట్టుకుని సంజర్ ఖాన్ అనే సర్దారును అక్కడ నిలిపాయి. కాని ఆ పట్టు ఎంతోకాలం సాగలేదు. వేంకటపతి దాన్ని తిరిగి రాబట్టుకున్నాడు. తండ్రి నిలుపుకోలేకపోయిన ఆ కోటను కుమార్తె కాలంలో, మనుమడి మంత్రి మళ్లీ గెలిచాడు. ఆ మంత్రే మీర్ జుమ్లా.

ఈయన అసలు పేరు మీర్ మహమ్మద్ సయ్యద్. 1591 ప్రాంతంలో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ సమీపాన ఉన్న అర్దిస్తాన్‌లో ఒక నూనె వర్తకుని ఇంట పుట్టాడు. వర్తకుల కొలువులో గోల్కొండ చేరి వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చాడు. మచిలీపట్నం పాలన చేశాడు. పిదప రాజ్యానికే మీర్ జుమ్లా, అనగా ప్రధానామాత్యుడు అయ్యాడు. పదవి పేరే ఆయన పేరుగా నిలిచిపోయింది. 1640ల నుంచి గోల్కొండ సేనలతో కర్ణాటకం మీదికి నడిచి, విజయనగర వంశంలో చివరివాడైన శ్రీరంగరాయల చేతిలో మిగిలిన ప్రాంతాలను ఒకటొకటిగా లాక్కున్నాడు. 1650లో గండికోట పెమ్మసాని తిమ్మానాయని చేతి నుంచి ఆయనకు వశమయింది.

1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ గండికోటకు వచ్చాడు. సుల్తానుకు అమ్మజూపే ముత్యాలను ముందుగా మీర్ జుమ్లాకు చూపడం తప్పనిసరి కనుక వెదుక్కుంటూ వచ్చాడు. ఆయన వర్ణన ప్రత్యక్ష సాక్షి వర్ణన. నవాబు డేరాలో వట్టికాళ్లతో కూర్చుని ఉంటాడు. వచ్చిన ఉత్తరాలు కాలివేళ్ల మధ్యా, ఎడమచేతి వేళ్ల మధ్యా గుచ్చి ఉంటాయి. ఒక్కొక్కటి లాగి జవాబులు చెబుతుంటే గుమాస్తాలు రాస్తుంటారు. మరోవైపు ఫిరంగుల పోత పని. మాయే అనే ఫ్రెంచి పనివాడు ఇరవై ఫిరంగులు పోసి ఇస్తానని ఒప్పుకున్నాడు. అందుకు కావలసిన లోహం కోసం దేవాలయాల నుంచి రాగి విగ్రహాలు తెప్పించారని టావెర్నియర్ రాశాడు. ఈ సంగతిని దాచవలసిన పని లేదు. తర్వాత దీని ప్రసక్తి మళ్లీ వస్తుంది.

ఈ కాలానికి మీర్ జుమ్లా ఒక మంత్రి మాత్రమే కాదు. కర్ణాటకంలో ఆయన స్వాధీనంలో ఉన్న భూభాగం మూడు వందల మైళ్ల పొడవు, యాభై మైళ్ల వెడల్పు. దాని వార్షికాదాయం సుమారు 40 లక్షల రూపాయలు. వజ్రపు గనులు ఉన్నాయి. సముద్రం మీద సొంత ఓడలు తిరుగుతున్నాయి. సుల్తాను సేనతో సంబంధం లేకుండా 5000 గుర్రపు దళం, 20,000 కాల్బలం సొంత జీతం మీద ఉన్నాయి. 1639లో మద్రాసులో స్థిరపడిన ఇంగ్లీషు కంపెనీవారు ఆ తీరంలో వ్యవహారం నడుపుకోవడానికి ఆయన అనుమతినే కోరుకోవలసి వచ్చింది. ఇంత బలం గల నౌకరును ఏ ప్రభువు నిశ్చింతగా చూస్తాడు?

హయాత్ బఖ్షీ బేగం

ఇక అపవాదుకు గురైన స్త్రీ ఎవరో చూడాలి. హయాత్ బఖ్షీ బేగం హైదరాబాదు నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె. 1607 ప్రాంతంలో ఆమెను ఆయన తన సోదరుని కుమారుడు మహమ్మద్‌కు ఇచ్చి వివాహం చేశాడు. 1612లో మామ మరణించగా ఆ అల్లుడే సుల్తాను అయ్యాడు. 1626లో ఆయనా కన్నుమూశాడు. 1614లో పుట్టిన అబ్దుల్లా పన్నెండేళ్ల ప్రాయంలో గద్దె ఎక్కాడు. కుమారుడు చిన్నవాడు కనుక రాజ్యభారంలో పెద్ద పాలు తల్లి మీద పడింది. కుమారుడు పెద్దవాడయ్యాక కూడా దర్బారులో ఆమె మాటకు విలువ తగ్గలేదు. ఒక సుల్తానుకు కుమార్తె, ఒక సుల్తానుకు భార్య, ఒక సుల్తానుకు తల్లి అయిన ఈమె 1667లో పరమపదించింది. హైదరాబాదుకు తూర్పున ఉన్న హయాత్‌నగర్ ఆమె పేర వెలసినదే. గోల్కొండ సమాధుల తోటలో ఆమె సమాధి, దాని పక్కన పెద్ద మసీదు ఉన్నాయి.

పరదా వెనుక నుంచి రాజ్యం నడిపే స్త్రీకి ఒక చిక్కు ఉంది. మంత్రులతో మాట్లాడక తప్పదు. వారిపై విశ్వాసం ఉంచక తప్పదు. ఆ విశ్వాసానికి బజారు మరో అర్థం చెప్పడమూ తప్పదు. ఇదే శతాబ్దంలో ఢిల్లీలోనూ ఇదే జరిగింది. తల్లి పోయిన పిదప షాజహాన్ అంతఃపుర వ్యవహారాలు చక్కబెట్టిన కుమార్తె జహనారా మీద నోట పలకరాని నింద ప్రచారమయింది. ఆ మాటను యూరపుకు చేరవేసినవారిలో బెర్నియర్ ఒకడు. ఆయన రాసినవి నీచజనం చెప్పుకునే మాటలని ఇటలీవాడైన మనూచీ తోసిపుచ్చాడు. మనూచీ కూడా కట్టుకథలకు దూరమైనవాడేమీ కాదు. అటువంటివాడికే అది నమ్మదగినదిగా తోచలేదు.

అపవాదుకు మూలం

హయాత్ బఖ్షీ బేగం మీద నింద కూడా ఆ బెర్నియర్ గ్రంథంలోనిదే. ఫ్రాంస్వా బెర్నియర్ సామాన్యుడు కాడు. వైద్యుడు, తత్త్వశాస్త్రం చదివినవాడు. మొగలు వారసత్వ యుద్ధాన్ని గురించి ఆయన రాసినది నేటికీ చరిత్రకారులకు పనికివస్తున్నది. అయితే ఒక సాక్షి ఒక విషయంలో నమ్మదగినవాడైతే అన్ని విషయాల్లో నమ్మదగినవాడు కానక్కరలేదు. ఆయన ఏది ఎలా తెలుసుకున్నాడన్నది ప్రతిసారీ అడగవలసిందే.

హదీసు శాస్త్రంతో పరిచయం ఉన్నవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. ఒక ఉల్లేఖనం వచ్చినప్పుడు ముహద్దిసులు మొదట విషయాన్ని కాక సనదును, అనగా చెప్పినవారి వరుసను చూస్తారు. చెప్పినవాడు ఎవరి నోట విన్నాడు? ఆ ఇద్దరూ ఒక కాలంవారేనా? కలుసుకున్నారా? మధ్యలో ఎవరి పేరైనా తప్పిపోయిందా? బెర్నియర్ మాటను ఈ గీటురాయి మీద గీసి చూద్దాం.

బెర్నియర్ భారతదేశంలో అడుగుపెట్టింది 1658 చివరనో 1659 ఆరంభంలోనో. మీర్ జుమ్లాకూ సుల్తానుకూ చెడింది 1655లో. అంటే ఆ సంఘటన నాటికి ఆయన ఈ దేశంలోనే లేడు. ఆయన చాలాకాలం కొలువు చేసింది దానిష్‌మంద్ ఖాన్ అనే మొగలు ఉమరా వద్ద. గోల్కొండను చూసింది 1667లో, అనగా పన్నెండేళ్ల తర్వాత. గోల్కొండ అంతఃపురంలో జరిగిందన్న విషయం ఆయన చెవిని పడింది మొగలు శిబిరంలోనో, పన్నెండేళ్ల పాతబడిన గోల్కొండ బజారులోనో కావాలి. ఎవరు చెప్పారో ఆయన పేర్కొనలేదు. గ్రంథం పారిస్‌లో అచ్చయింది 1670లో. అప్పటికి మీర్ జుమ్లా 1663లోనూ, బేగం 1667లోనూ మరణించారు. ఖండించవలసినవారు ఇద్దరూ లేరు. సనదు మొదట్లోనే తెగిపోయింది.

ఇక విషయాన్ని, అనగా మత్నును చూద్దాం. రాజమాత అందం ఇంకా తరగలేదన్నట్లుగా బెర్నియర్ రాశాడు. ఆమె వివాహం 1607 ప్రాంతంలో జరిగింది. పెళ్లినాటికి పదేళ్ల పిల్ల అనుకున్నా 1655 నాటికి అరవైకి దగ్గరగా వస్తుంది. మీర్ జుమ్లాకూ అరవై దాటాయి. పైగా 1640ల నుంచి ఆయన ఎక్కువ కాలం గడిపింది కర్ణాటకంలోని దండు విడుదులలో. వయసు వల్ల అది అసాధ్యమని తేల్చలేం. కాని కథ చెప్పినవాడికి ఆ వ్యక్తుల వయసు, నివాసం కూడా సరిగా పట్టలేదని మాత్రం తేలుతుంది.

టావెర్నియర్ సంగతి వేరు. ఆయన మీర్ జుమ్లాను ఎదురుగా చూసినవాడు, ఆయన డేరాలో కూర్చున్నవాడు. చెడడానికి ఆయన చెప్పిన కారణం సింహాసనానికి సంబంధించినది. మంత్రి ఎదుగుదలకు ఓర్వలేనివారు, అతడు తన కుమారునికి రాజ్యం కట్టబెట్టాలని చూస్తున్నాడని సుల్తాను చెవిలో వేశారని ఆయన కథనం. ఇందులోనూ విన్న మాట ఉంది. కాని ఇది ఆనాటి బలాబలాలతో పొసిగే మాట.

రుజువైన రహస్యం ఎలా ఉంటుంది?

పాలకుల వ్యక్తిగత జీవితాన్ని చరిత్రకారుడు అసలు తాకకూడదని దీని అర్థం కాదు. రుజువు ఉన్నప్పుడు తాకవలసిందే. అందుకు గోల్కొండకు నూరేళ్ల ముందు జర్మనీలో జరిగిన ఒక ఉదంతం మంచి ఉదాహరణ.

హెస్సె ప్రాంత ప్రభువు ఫిలిప్ 1504లో జన్మించాడు. లూథర్ ప్రారంభించిన మతసంస్కరణను సమర్థించిన జర్మన్ రాజులలో ముఖ్యుడు. సాక్సనీ రాజకుమారి క్రిస్టీనను వివాహమాడి ఎందరో బిడ్డలను కన్నాడు. అయినా పరస్త్రీ సంబంధాలు మానలేదు. అది తన అంతరాత్మను బాధిస్తున్నదని, రెండవ వివాహానికి అనుమతి కావాలని పండితులను కోరాడు. పూర్వపు ప్రవక్తలకు అనేక భార్యలు లేరా అని వాదించాడు. బూట్సర్ అనే మతాచార్యుని రాయబారిగా పంపాడు. 1539 డిసెంబరు 10న మార్టిన్ లూథర్, మెలాంక్తన్ ప్రభృతులు ఒక సలహాపత్రం మీద సంతకం చేశారు. ఇది సర్వులకూ చట్టం కాదనీ, అవసరాన్ని బట్టి ఈ ఒక్కరికి మినహాయింపనీ, రహస్యంగా ఉంచాలనీ అందులోని సారాంశం. మొదటి భార్య సమ్మతిని కూడా రాతపూర్వకంగా తీసుకున్నారు. 1540 మార్చి 4న రోటెన్‌బర్గ్‌లో మార్గరెటె అనే యువతితో పెళ్లి జరిగింది. మెలాంక్తన్, బూట్సర్ ఆ పెళ్లిలో ఉన్నారు.

రహస్యం ఎన్నో వారాలు నిలవలేదు. పెళ్లికూతురి తల్లి వైపు నుంచే బయటపడింది. ద్విభార్యత్వం ఆ సామ్రాజ్య చట్టం ప్రకారం ఘోరనేరం. చక్రవర్తి అయిదవ చార్లెస్ చేతికి ఫిలిప్ చిక్కాడు. 1541 జూన్‌లో చక్రవర్తితో ఒడంబడిక చేసుకుని, తన పక్షం వారు ఫ్రాన్సుతో, ఇంగ్లాండుతో పొత్తు పెట్టుకోకుండా అడ్డుకుంటానని మాట ఇవ్వవలసి వచ్చింది. ప్రొటెస్టెంటు రాజుల కూటమి ఆ దెబ్బతో బలహీనపడింది. అయినా 1547లో అతడు చక్రవర్తికే బందీ అయి అయిదేళ్లు చెరలో గడిపాడు.

ఇస్లామీ న్యాయశాస్త్రం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం కలిగించేది రెండవ పెళ్లి కాదు, దానిని దాచాలన్న షరతు. షరీఅత్‌లో నికాహ్ సాక్షుల ఎదుట జరగాలి, నలుగురికీ తెలియాలి. దాచవలసిన భార్యకు హక్కులు అడిగే తావు ఎక్కడిది? అయితే ఇక్కడ ముఖ్యమైనది వేరొకటి. ఫిలిప్ ఉదంతాన్ని చరిత్రకారులు శత్రువుల మాట మీద రాయలేదు. ఆయన స్వయంగా చేసుకున్న విన్నపం ఉంది. పండితుల సంతకాలున్నాయి. భార్య అంగీకారపత్రం ఉంది. పెళ్లికి పెద్దలు ఉన్నారు. ఒడంబడిక ఉంది. ఆ రహస్యం రాజ్యవ్యవహారాన్ని ఎలా మార్చిందో మెట్టు మెట్టుగా చూపవచ్చు. దీని పక్కన గోల్కొండ కథను ఉంచితే ఏముంది? ఉత్తరం లేదు, సాక్షి లేడు, పేరు చెప్పిన వార్తాహరుడు లేడు. ఒక విదేశీయుడు వినిన వాక్యం ఉంది.

1655లో నిజంగా జరిగినది

మీర్ జుమ్లా కర్ణాటకంలో ఉండగా ఆయన కుమారుడు మహమ్మద్ అమీన్ హైదరాబాదు దర్బారులో తండ్రి పక్షాన ఉండేవాడు. అతడు గర్విష్ఠి. ఒకనాడు తాగి దర్బారుకు వచ్చి, సుల్తాను కూర్చునే తివాచీ మీద పడుకుని అక్కడే వాంతి చేసుకున్నాడని చరిత్రలు చెబుతున్నాయి. ఇది గదిలో జరిగిన రహస్యం కాదు, దర్బారు కళ్లెదుట జరిగిన అవమానం. 1655 నవంబరు 21న సుల్తాను అతనినీ, కుటుంబాన్నీ నిర్బంధించి ఆస్తి జప్తు చేశాడు.

కాని ఈ అవమానమూ అసలు కారణం కాదు, ఒక సాకు మాత్రమే. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు అంతకుముందే మీర్ జుమ్లాను తమవైపు తిప్పుకోవడానికి రహస్యంగా ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతున్నాడు. నిర్బంధం వార్త ఢిల్లీకి చేరకముందే, డిసెంబరు ఆరంభంలోనే, మీర్ జుమ్లాకు 5000, కుమారునికి 2000 మన్సబులు ఇస్తూ షాజహాన్ ఫర్మానాలు వెలువడ్డాయి. గోల్కొండ మీద మొగలులకు వేరే ఫిర్యాదులూ ఉన్నాయి. 1636 ఒడంబడిక ప్రకారం గోల్కొండ ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టాలి. హొన్ను మారకం నాలుగు రూపాయల నుంచి అయిదు రూపాయలకు పెరిగినందున ఆ తేడా కింద 20 లక్షలు బాకీ అని మొగలులు లెక్క తీశారు. తమ అనుమతి లేకుండా కర్ణాటకాన్ని జయించడం మరో నేరమన్నారు. ఇవన్నీ ధనానికి, భూమికి సంబంధించిన తగవులు.

1656 జనవరిలో ఔరంగజేబు కుమారుడు మహమ్మద్ సుల్తాన్ హైదరాబాదులో ప్రవేశించాడు. అబ్దుల్లా గోల్కొండ కోటలోకి పరుగెత్తాడు. నగరం దోపిడీ అయింది. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. అప్పుడు కోట వెలుపలికి వచ్చి శత్రు శిబిరానికి వెళ్లినది హయాత్ బఖ్షీ బేగం. కుమారుని ప్రాణం, రాజ్యం దక్కించమని ఔరంగజేబుతో మాట్లాడింది. కోటి రూపాయలు చెల్లించడం, సుల్తాను కుమార్తెను మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి వివాహం చేయడం షరతులుగా కుదిరాయి. రామ్‌గిర్ ప్రాంతాన్ని వదులుకోవలసి వచ్చింది. షాజహాన్ ఆజ్ఞ మీద మార్చి 30న ముట్టడి ఎత్తివేశారు. గోల్కొండకు మరో ముప్పై ఏళ్ల ఆయువు దక్కింది.

ఒక వృద్ధురాలు పరదా విడిచి శత్రువు డేరాకు నడిచి రాజ్యాన్ని కాపాడిన ఘట్టం ఇది. ఆమె జీవితంలో సాక్ష్యం దండిగా ఉన్న పని ఇదే. సాక్ష్యం లేని నింద మాత్రం సముద్రం దాటి పోయింది.

ఇబ్న్ ఖల్దూన్ హెచ్చరిక

ఈ రకం కథలను గురించి ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే హెచ్చరించాడు. ఆయన ముఖద్దిమాలో బర్మకీల పతనం ప్రస్తావన వస్తుంది. ఖలీఫా హారూన్ రషీద్ 803లో తన మంత్రి జాఫర్ బర్మకీని చంపించి, ఆ కుటుంబాన్ని కూలదోశాడు. జాఫర్‌కూ ఖలీఫా సోదరి అబ్బాసాకూ నడిచిన రహస్య సంబంధం దానికి కారణమని కథకులు చెప్పారు. ఇబ్న్ ఖల్దూన్ దాన్ని తిరస్కరించాడు. బర్మకీలు రాజ్యాధికారాన్నీ, ఖజానానూ చేజిక్కించుకున్నారనీ, ఖలీఫాకు సొమ్ము కావాలన్నా వారిని అడగవలసిన స్థితి వచ్చిందనీ, పతనానికి అదే కారణమనీ వివరించాడు.

ఆయన వాదంలో ఒక భాగం బలహీనమైనదే. అబ్బాసా వంశగౌరవాన్ని బట్టి ఆమె అటువంటి పని చేయదని ఆయన అన్నాడు. వంశం చూసి నేరం మోపరాదు, వంశం చూసి కొట్టివేయనూరాదు. ఈ జాగ్రత్త గోల్కొండ బేగం విషయంలోనూ పాటించాలి. ఆమె సుల్తాను కుమార్తె కనుక నిర్దోషి అనడం చరిత్ర కాదు. ఆరోపణ చేసినవాడు రుజువు చూపలేదు కనుక అది నిలవదనడమే చరిత్ర. ఇబ్న్ ఖల్దూన్ వాదంలో రెండవ భాగం మాత్రం తిరుగులేనిది. మంత్రి, ప్రభువు చెడినప్పుడు ముందు ఖజానా వైపు చూడమన్నాడు. హారూన్ దర్బారు పేరు తీసి గోల్కొండ పేరు పెట్టినా మాట చెల్లుతుంది.

నింద విషయంలో ఖుర్‌ఆన్ విధించిన కట్టుబాటు పాఠకులకు తెలిసినదే. శీలవతులపై ఆరోపణ చేసి నలుగురు సాక్షులను తేలేనివారికి అన్నూర్ సూరా ఎనభై కొరడా దెబ్బల శిక్ష చెప్పింది. అటుపై వారి సాక్ష్యం చెల్లదన్నది. హజ్రత్ ఆయిషా (రజి) పై కపటులు వేసిన అభాండాన్ని ఖండించినది ఆ సూరాయే. అక్కడ నింద వేసినవారితోపాటు, విని నోటినుంచి నోటికి చేరవేసినవారినీ మందలించడం జరిగింది. న్యాయస్థానపు నియమం వేరు, చరిత్రకారుని నియమం వేరు. కాని విన్నదాన్ని విచారించకుండా ముందుకు పంపడం రెండు చోట్లా తప్పే.

ఒక కుటుంబం, ఒక కోట, పలు కథలు

కుతుబ్ షాహీ వంశంలో ఇది ఒంటరి ఉదంతం కాదు. బేగం తండ్రి మహమ్మద్ కులీ పేరు చెప్పగానే భాగమతి కథ గుర్తుకు వస్తుంది. ఆమె మీది మోహంతో నగరానికి భాగ్‌నగర్ అని పేరు పెట్టాడనీ, తర్వాత సిగ్గుపడి హైదరాబాదుగా మార్చాడనీ బీజాపూరులో కూర్చుని చరిత్ర రాసిన ఫిరిష్తా చెప్పాడు. అక్బరు రాయబారిగా దక్కనుకు వచ్చిన ఫైజీ కూడా ఆమెను ప్రస్తావించాడు. వీరంతా గోల్కొండకు బయటివారు. ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను త్రోసిపుచ్చారు. నరేంద్ర లూథర్ దాన్ని నమ్మదగినదిగా సమర్థించారు. ఆ వివాదం ఎలా తేలినా, గోల్కొండ అంతఃపురాన్ని గురించి లోకానికి చెప్పినవారిలో ఎక్కువమంది గోల్కొండవారు కారన్నది గమనించదగినది.

గండికోట సీమ ప్రజలకూ తమ కథ ఉంది. కోట పడిపోవడానికి పొదిలి లింగన్న అనేవాడి ద్రోహం, విషప్రయోగం కారణమని స్థానికంగా చెప్పుకుంటారు. ఫిరంగులనూ, సుదీర్ఘమైన దండయాత్రలనూ, విజయనగర వంశంలోని కలతలనూ విప్పి చెప్పడం కంటే ఒక్క మనిషి ద్రోహం చెప్పడం తేలిక. గోల్కొండ మీదికి వచ్చిన దండయాత్రను కప్పం లెక్కలతో, మన్సబులతో, నలభై లక్షల రాబడితో వివరించడం కంటే ఒక స్త్రీ పేరు చెప్పడమూ అంతే తేలిక. రెండు కథలూ వినేవారి పనిని తగ్గిస్తాయి.

కాని ఆ తేలికదనానికి మూల్యం ఉంది. అపవాదు కథలో మీర్ జుమ్లా ఒక రసికుడుగా మాత్రమే మిగులుతాడు. అతని మీద పెన్నా ప్రాంతం వారు నిజంగా మోపవలసిన అభియోగాలు మరుగున పడతాయి. పొరుగువారి ఆరాధ్య విగ్రహాలు ఫిరంగుల కొలిమికి చేరడం అందులో ఒకటి. పరమతస్థుల దైవాలను దూషించవద్దన్న ఖుర్‌ఆన్ ఆజ్ఞ ఎదుట దానికి సమర్థన దొరకదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల పంట మీద వచ్చిన పన్నుతో సొంత సేన పెంచి, ఆ సేనా, ఆ సీమా కానుకగా పట్టుకుని మరో ప్రభువు కొలువులో చేరడం రెండవది. 1656 మార్చిలో ఆయన ఔరంగజేబును కలుసుకున్నాడు. ఆ ఏడే ఢిల్లీలో రత్నాల నజరానాతో షాజహాన్‌కు ప్రధానమంత్రి అయ్యాడు. కర్ణాటకం ఆయనకే జాగీరుగా ఖాయమయింది. సీమ ఎవరిదన్న తగవులో ఆ సీమలో దుక్కి దున్నేవాని మాట ఎవరూ అడగలేదు.

అటుపై 1687లో గోల్కొండ మొగలుల పాలయింది. కడప సీమ మయానా నవాబుల చేతికి, మైసూరు చేతికి వచ్చి, 1800లో దత్తమండలాలలో భాగంగా ఇంగ్లీషు కంపెనీకి చేరింది. గండికోటలో జామా మసీదు, ధాన్యపు కొట్టు, మాధవరాయ, రంగనాథ ఆలయాలు ఒకే గోడ లోపల నిలిచి ఉన్నాయి. ఆ కోటను చూడవచ్చే వారికి దాని కథ చెప్పేవారు ఏది ముందు చెప్పాలో తామే ఎంచుకుంటారు. కాలివేళ్ల మధ్య ఉత్తరాలు గుచ్చుకుని పన్నులు, ఫిరంగులు లెక్కపెట్టిన మంత్రి గురించి చెప్పవచ్చు. కుమారుని కోసం శత్రువు డేరాకు వెళ్లిన తల్లి గురించి చెప్పవచ్చు. ఈ రెంటికీ సాక్షులున్నారు. మూడవ కథకు సాక్షి దొరికేదాకా అది చెప్పినవాడి మాటగానే ఉండాలి, ఆమె చరిత్రగా కాదు.